ఊదితే ఆడుద్ది

నేను ఒక మైకుని. జానెడు పొడవు ఉంటాను. ఒకప్పుడు నల్లగా నిగనిగలాడేదాన్ని, ఇప్పుడు ఎక్కడికక్కడ రంగు పెచ్చులూడింది. తల మీద ఇనప జల్లెడ, దానికి ఎడమవైపు ఒక సొట్ట. నా సంగతి చెప్పేముందు మీకున్న ఒక అపోహ తీర్చాలి. మనుషులందరూ నన్ను నోరనుకుంటారు. నేను నోరు కాదు, చెవిని. పుట్టిన దగ్గర్నుంచి వినడం ఒక్కటే నా పని. తీగ తగిలిస్తే విన్నది అవతలికి చేరవేస్తాను, తీగ లేకపోతే విని ఊరుకుంటాను. కళ్ళు మాత్రం లేవు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో దీంతో పనుంది.

రెండో సంగతి ఊదడం. నా ఎదుటికొచ్చిన ప్రతి మనిషీ ముందుగా చేసే పని నా మొహాన ఫూ ఫూ అని ఊదడం. పెళ్ళిపెద్ద ఊదాడు, సర్పంచి ఊదాడు, స్కూలు వార్షికోత్సవంలో హెడ్మాస్టరు ఊదాడు. నా లోపల ఒక అయస్కాంతం, వెంట్రుకంత రాగితీగ, ఉల్లిపొర మందం రేకు ఉంటాయి. ఆ పొర వణికితేనే నాకు మాట వినిపించేది. దాని మీద పొద్దున తిన్న పెసరట్టు వాసనతో సహా గాలి కొడితే నాకెలా ఉంటుందో ఎవరూ ఆలోచించరు. పనిచేస్తున్నానో లేదో తెలుసుకోవాలంటే ఒక మాట మాట్లాడితే చాలు కదా.

నేను పుట్టింది ఢిల్లీలో, రెండు మేడల మధ్య ఇరుకు సందులో, ఒక రెండో అంతస్తు గదిలో. నన్ను బిగించిన చేతులు ఒక ఆడమనిషివి. ఆమె పని చేస్తున్నంతసేపూ పక్కావిడతో అల్లుడి గురించి చెప్పేది. నేను ఈ లోకంలో మొట్టమొదట విన్నది ఆ అల్లుడి బద్ధకం గురించే. నా ఒంటి మీద వేసిన పేరు దూరం నుంచి ఒక పెద్ద విదేశీ కంపెనీ పేరులాగే ఉంటుంది. దగ్గరికొచ్చి చదివితే మధ్యలో ఒక అక్షరం తేడా. అంటే నేను డూప్లికేటుని. దాచుకోవడం నాకిష్టం లేదు. అసలుదాని పేరు దానిది, నా చెవి నాది.

అక్కణ్ణుంచి గడ్డి కుక్కిన పెట్టెలో రైలెక్కి చిలకలూరిపేట చేరాను. అక్కడ నా మొదటి యజమాని మైకు సెట్టు యలమంద. పేట చుట్టుపక్కల ఇరవై ఊళ్ళలో పెళ్ళైనా, చావైనా, వాలీబాల్ పోటీలైనా ఆయన మైకే. ఆయన ప్రతి మాటా రెండుసార్లు చెప్పేవాడు. తప్పిపోయిన పిల్లాడు స్టేజీ దగ్గర ఉన్నాడు, స్టేజీ దగ్గర ఉన్నాడు. భోజనాలు సిద్ధం, భోజనాలు సిద్ధం. ఒకసారి పొరపాటున వధువు పేరు తప్పు చదివి, అలవాటు కొద్దీ ఆ తప్పును కూడా రెండుసార్లు చదివాడు.

యలమంద అసలు ప్రతాపం చూడాలంటే బండలాగుడు పందేలకు రావాలి. ఎడ్ల జత పెద్ద రాతిబండని ఈడ్చుకుపోతుంటే జనం విరగబడి చూస్తారు. ముందువరుసలో ఉన్న నాలుగొందల మందికి కనపడుతుంది, వెనక ఉన్న నాలుగువేల మందికి దుమ్ము తప్ప ఏమీ కనపడదు. యలమంద మాట్లాడేది ఆ వెనకవాళ్ళ కోసం. ఎడమ ఎద్దు తల వంచింది, కుడిది మోకాలు మడిచింది, బండ కదిలింది అని ఆయన చెబుతుంటే, కళ్ళు లేని నాకు కూడా ఆ బండ కనపడేది. నా తలకు సొట్ట పడింది ఆ పందేల్లోనే. ఒక ఏడాది ఆయనకిష్టమైన జత గెలిచేసరికి, సంతోషం పట్టలేక నన్ను గాల్లోకి ఎగరేశాడు, పట్టుకోవడం మర్చిపోయాడు.

ఒకసారి ఎవరో కామెంటరీ నేర్పమని వస్తే యలమంద చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "వెనకమాల నిలబడ్డోడికి బండ కనపడదయ్యా. ఆడి కళ్ళు నీ నోట్లో ఉండాయి. చూసింది చెప్పు. చూడంది చెప్పబాక." నేర్చుకోవడానికి వచ్చినతను ఆ ఒక్క పాఠంతోనే చాలించుకుని వెళ్ళిపోయాడు.

కొన్నేళ్ళకి తీగలేని మైకులొచ్చాయి. అదే సమయంలో నా లోపల ఒక రాగిపోగు తెగి, విన్నది అవతలికి చేరడం ఆగిపోయింది. యలమంద నన్ను గడియారస్తంభం వెనక సందులో సెల్‌ఫోన్లు బాగుచేసే బాజీకి ఇచ్చాడు. బాజీ పోగు అతికించి, ఫూ అని ఊది, బాగైందని కబురు పెట్టాడు. యలమంద వచ్చి నన్ను ఒకసారి చేతిలోకి తీసుకుని, "నీ దగ్గరే ఉంచుకోరా. మూల పడేయబాక, మాటాడిస్తా ఉండు," అని వెళ్ళిపోయాడు. ఆయన చెప్పుల చప్పుడు సందు చివరిదాకా విన్నాను.

బాజీకి ముప్పై ఆరేళ్ళు. ఫోన్లు బాగుచేయడం అతని బతుకుతెరువు, వీడియో గేములు అతని పిచ్చి. ఒకరోజు అతని చిన్ననాటి క్లాస్‌మేటు ఝాన్సీ పగిలిన ఫోను అద్దం మార్పించుకోవడానికి వచ్చింది. ఆమె డయాగ్నస్టిక్ సెంటర్లో రక్తం తీసి పరీక్షలు చేస్తుంది. అద్దం అతికేలోపు ఇద్దరూ ఒక గేము గురించి మొదలుపెట్టిన వాదన గంటన్నర సాగింది. దుకాణానికి వచ్చిన గిరాకీలు కూడా పని మర్చిపోయి నిలబడి విన్నారు. "మనం ఇట్టా మాటాడుకునేది రికార్డు చేసి పెడితే వినేవాళ్ళుంటారే," అన్నాడు బాజీ. "మన సోది ఎవరు వింటార్రా," అంది ఝాన్సీ. వారం తిరక్కుండా దుకాణం పైగదిలో నన్ను బల్ల మీద నిలబెట్టారు.

ఆ గది గురించి చెప్పాలి. గోడలకు మాట కొట్టుకుని మోగకుండా ఉండాలని బాజీ పక్కనున్న గుడ్ల హోల్‌సేలు కొట్టునుంచి ఖాళీ అట్టలు తెచ్చి నాలుగు గోడలకూ అంటించాడు. లోపల మాటలు ఎంత శుభ్రంగా వినిపించేవో చెప్పలేను. ఇరవై ఏళ్ళు లౌడ్‌స్పీకర్ల హోరులో బతికిన నాకు, మనిషి ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడే గది దొరికింది. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

పాడ్‌కాస్టుకు బాజీ పెట్టిన పేరు 'ఊదితే ఆడుద్ది'. వాళ్ళ చిన్నప్పుడు గేములు ప్లాస్టిక్ కేసెట్లలో వచ్చేవట. కేసెట్టు ఆడకపోతే బయటికి లాగి, అడుగున ఫూ అని ఊది మళ్ళీ దోపేవాళ్ళు. ఆడేది. ఆ పేరు వినగానే ఈ ఊదుడు నన్ను వదలదని అర్థమైంది. అనుకున్నట్టే ప్రతి ఎపిసోడూ బాజీ నా మొహాన ఫూ అని ఊదడంతోనే మొదలయ్యేది. ఝాన్సీ మాత్రం ఎప్పుడూ ఊదలేదు. కూర్చోగానే, "వినపడతందా?" అని మామూలుగా అడిగేది. నేను మనసులో ఆమె పక్షం చేరిపోయాను.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రికార్డింగు. వాళ్ళ దగ్గర రాసుకున్న కాగితం లేదు, లెక్కాపత్రం లేదు. "ఈ వారం ఏం ఆడావ్?" అంటుంది ఝాన్సీ. "ఆ కొత్త గేములో గుర్రం దొరికిద్దన్నారు. మూడ్రోజులు తిరిగా. గుర్రం లేదు, గాడిద లేదు," అంటాడు బాజీ. "నడిచిపోరాదంటే?" "నడిస్తే తోడేళ్ళు." "మరి తోడేళ్ళకి నువ్వు దొరికావుగా, అయ్యన్నా సంతోషించినై." అంతే, ఇద్దరూ పగలబడి నవ్వుతారు, ఆ నవ్వుకి నా రేకు గిలగిల్లాడుతుంది. మొదట ముప్పై మంది విన్నారు. తర్వాత మూడొందలు, ఆ తర్వాత నాలుగువేలు. తర్వాత గుంటూరు బస్సులో పక్క సీటువాడి ఫోనులో తన గొంతు తానే విన్నానని ఝాన్సీ వచ్చి చెప్పింది. ఆ రోజు మేం ముగ్గురం నేల మీద లేము.

ఏడో ఎపిసోడు చిన్నప్పటి గేముల మీద. అక్కడే మొదలైంది అసలు కథ.

వాళ్ళ చిన్నతనంలో పేటలో సామ్రాజ్యమ్మ అనే ఆవిడ ఇంటి ముందుగదిలో వీడియో గేము షాపు నడిపేది. అందులో పిల్లలందరూ ఎగబడే ఆట ఒకటుంది. దాన్ని నిచ్చెనల గేము అనేవాళ్ళు. ఎర్రటోపీ పెట్టుకున్న బుడంకాయ మనిషి ముప్పై రెండు అంతస్తుల గోపురం నిచ్చెనలు పట్టుకుని ఎక్కాలి. పైనుంచి పీపాలు దొర్లుతాయి, గబ్బిలాలు వస్తాయి. మూడు లైఫులు అయిపోతే మళ్ళీ మొదటి అంతస్తే. పైన తలుపు వెనక ఏముందో పేటలో ఏ పిల్లాడికీ తెలియదు.

"నాకు తెలుసు," అంది ఝాన్సీ నా ముందు. బాజీ పకపకా నవ్వాడు. "వినండయ్యా, వినండి. ఇరవై అయిదేళ్ళ నుంచీ ఇదే మాట. ఆ తలుపు తీస్తే ఏముందో చెప్పవే." ఝాన్సీ చెప్పింది. "తెల్లకోడి ఉంది. అది నడుచుకుంటా వచ్చి వాడి ఎర్రటోపీ లాగేసి, దాని మీద కూర్చుంది. అంతలో టీవీ ఆగిపోయింది."

అప్పుడామెకు పదకొండేళ్ళు, ఎండాకాలం సెలవులు. ముప్పై రెండో అంతస్తుకు చేరిన సమయానికి వీధిలో పుల్లైసు బండి గంట మోగింది. చుట్టూ మూగిన పిల్లలంతా, బాజీతో సహా, బయటికి పరిగెత్తారు. పుల్లలు చప్పరిస్తూ తిరిగొచ్చేసరికి టీవీ నల్లగా ఉంది. లోపలిగదిలోంచి సామ్రాజ్యమ్మ "కరెంటు కోతర్రా, ఇళ్ళకు పోండి," అని కేకేసింది. ఝాన్సీ కోడి సంగతి చెప్పింది. ఒక్కరూ నమ్మలేదు. కరెంటు కోతలో కూచుని ఇది కోతలు కోస్తంది అన్నాడు బాజీ. ఆ రోజు పడిన పేరు కోతల ఝాన్సీ. బడి మారినా పేరు మారలేదు.

ఆ ఎపిసోడులో బాజీ అంతటితో ఆగలేదు. ఇంటర్నెట్టులో ఎవరో ఆ గేము మొత్తం ఆడి పెట్టిన వీడియో తీసి, చివరి భాగం నాకు వినిపించాడు. తలుపు తెరుచుకుంటుంది, రాణి బయటికొస్తుంది, టపాకాయలు పేలతాయి అని తెర చూస్తూ చెప్పాడు. "కోడేదే?" అన్నాడు. ఝాన్సీ కూడా నవ్వింది. ఆ నవ్వులో ఊపిరి సగంలో తెగింది. అది బాజీకి వినపడలేదు, నాకు వినపడింది.

వినేవాళ్ళు పండగ చేసుకున్నారు. కోడి బొమ్మలు పంపారు, కోడి కూతలు రికార్డు చేసి పంపారు. డయాగ్నస్టిక్ సెంటర్లో చెయ్యి చాపి కూర్చున్న ఒక ముసలాయన, "ఏమ్మా, కోడి బాగుందా," అని అడిగాడట. ఈ విషయం ఆమె ఎనిమిదో ఎపిసోడులో నవ్వుతూనే చెప్పింది. కోడిగుడ్ల అట్టల మధ్య కూర్చుని కోడిని నమ్మని మనుషుల మాటలు వింటే నాకు విచిత్రంగా ఉండేది.

తొమ్మిదో ఎపిసోడు అయ్యాక బాజీ రికార్డింగు ఆపాడు. నన్ను ఆపలేడు కదా. ఝాన్సీ కుర్చీ వెనక్కి జరిపి, "వచ్చే వారం నుంచి నేను రానురా," అంది. బాజీ హాస్యమనుకున్నాడు. ఆమె గొంతు పెంచలేదు. "నేను షుగరు మూడొందలుందని కాయితం మీద రాస్తే ఊరంతా నమ్ముద్ది. కోడిని చూశానంటే నమ్మరు. అది కూడా పోనీ. మీరందరూ లేదు లేదంటే, నాకే అనుమానమొచ్చింది బాజీ. చూశానా, కల కన్నానా అని. నా కళ్ళతో నేను చూసిందాన్ని నేనే నమ్మలేకపోతన్నా. అది నవ్వుకునే సంగతి కాదు నాకు." మెట్లు దిగిపోయింది.

బాజీ నన్ను తీగతో సహా గుడ్డసంచిలో వేసుకుని బండెక్కాడు. గతుకుల రోడ్డు మీద అతని నడుముకి కొట్టుకుంటూ వెళ్ళాను. ఎక్కడికో తెలియకపోయినా నాకు ఉత్సాహం ఆగలేదు. యలమంద తర్వాత నన్నెవరూ ఊళ్ళోకి తీసుకెళ్ళలేదు.

వెళ్ళింది సామ్రాజ్యమ్మ ఇంటికి. డెబ్భై దాటినా గొంతు కంచుగంట. బాజీ నన్ను బయటికి తీయగానే, "ఏంద్రా అది, పుల్లైసా?" అంది. అతను సంగతంతా చెప్పాడు. ఆవిడ లేచి బీరువా తెరిచి, బిస్కెట్ల డబ్బా మూత ఊడదీసింది. దారపు ఉండలు, గుండీలు, పిన్నీసులు గలగలమన్నాయి. వాటి అడుగునుంచి ఏదో ప్లాస్టిక్ ముక్క బయటికొచ్చింది. "షాపు తీసేసేప్పుడు అన్నీ అమ్మేశా. ఇదొక్కటే ఉంచుకున్నా. మీరు పిల్లకాయలు దీని కోసమే గదరా కొట్టుకు సచ్చేది."

బాజీ దాన్ని తిప్పి చూస్తూ, "అత్తా, దీని మీద బొమ్మ కూడా వంకరగా అంటించారు. ఇది డూప్లికేటు," అన్నాడు. అని, "డూప్లికేటు," అని తనలో తనే ఇంకోసారి అన్నాడు. ఇంటర్నెట్టులో ఉన్నది అసలు గేము. పేటలో పిల్లలు ఆడింది డూప్లికేటు. ఎక్కడో ఒక సందులో దాన్ని కాపీ కొట్టినవాడు చివర్లో ఏం మార్చాడో ఎవరికి తెలుసు? నాకైతే ఉన్నచోటే గంతులు వేయాలనిపించింది. నాలాంటిదే ఇంకొకటి, ఇన్నాళ్ళూ గుండీల కింద పడి ఉంది.

సామ్రాజ్యమ్మ ఒక షరతు పెట్టింది. కేసెట్టుతో పాటు తానూ వస్తుంది, తన అలారం గడియారంతో సహా. "గంట ఆట. గంటంటే గంటే. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే." బాజీ అక్కణ్ణుంచే ఝాన్సీకి ఫోను చేశాడు. ఆమె, "వస్తా. కోడి లేకపోతే మాత్రం అదే నా ఆఖరి ఎపిసోడు. ఉన్నా లేకపోయినా ఎడిటింగు చెయ్యకుండా పెట్టాల," అంది.

ఆ ఆదివారం గదిలో మామూలుకంటే ఎక్కువ ఊపిర్లు వినపడ్డాయి. బాజీ ఒక పాత గేము పెట్టెనూ టీవీనీ బాగుచేసి తెచ్చాడు, ఆ టీవీ సన్నగా కీచుమంటోంది. సామ్రాజ్యమ్మ గడియారం టిక్కు టిక్కుమంటోంది. కేసెట్టు దోపారు. తెర మీద చారలు తప్ప ఏమీ లేదన్నాడు బాజీ. తీసి ఊదాడు. లేదు. "నువ్వు ఊదేది అట్టాగా, ఇటియ్యి," అని సామ్రాజ్యమ్మ ఊదింది. లేదు. మళ్ళీ బాజీ, మళ్ళీ ఆవిడ. నా ఎదుట అంత గాలి వీస్తోంటే, నాకు ఎప్పుడూ లేని జాలి పుట్టింది, ఆ కేసెట్టు మీద. ఝాన్సీ తన సంచి జిప్పు లాగింది. సూది గుచ్చే ముందు చర్మం తుడిచే స్పిరిట్టు దూది తీసి కేసెట్టు అడుగున మెల్లగా రుద్దింది. దోపింది. టింగు టింగుమని పాట మొదలైంది.

"నేను ఊదింది అప్పటికి పనిచేసిందిలే," అంది సామ్రాజ్యమ్మ. గడియారానికి కీ తిప్పింది.

ఇక అక్కణ్ణుంచి ఆ గంట నా జీవితంలోకెల్లా గొప్ప గంట. ఝాన్సీ ఆడుతోంది, ఆమె నోట మాట లేదు, రిమోటు గుండీల టకటక తప్ప. వినేవాళ్ళకు తెర కనపడదు కాబట్టి బాజీ చెప్పాలి. మొదట మామూలుగా మొదలెట్టాడు. పదో అంతస్తు దాటేసరికి గొంతు మారింది. "కుడి నిచ్చెన పట్టుకుంది, పట్టుకుంది. పైనుంచి పీపా వస్తంది, పీపా వస్తంది. వంగింది, పీపా పోయింది." నా లోపల రాగితీగ ఝల్లుమంది. అది యలమంద పద్ధతి. పేటలో పుట్టిన ప్రతివాడి చెవిలోనూ ఆయన గొంతు ఎక్కడో దాగి ఉందన్నమాట.

పద్దెనిమిదో అంతస్తులో మొదటి లైఫు పోయింది. ఇరవై ఆరులో రెండోది గబ్బిలం తినేసింది. "ఒక్క లైఫు మిగిలింది, ఒక్క లైఫు," అన్నాడు బాజీ. ఇరవై తొమ్మిది. ముప్పై. ముప్పై ఒకటిలో ఆమె నిచ్చెన మీద ఆగి, పీపాలు నాలుగు పోనిచ్చి, అప్పుడు కదిలింది. సరిగ్గా అదే క్షణంలో అలారం గణగణ మోగింది. పక్కన కుర్చీ జరిగిన చప్పుడు, స్విచ్చుబోర్డు వైపు రెండు అడుగులు.

"అత్తా, స్విచ్చు జోలికి పోబాక," అని ఝాన్సీ ఆట ఆపింది. పాట ఆగిపోయింది.

"అలవాటే పిల్లా, చెయ్యి దానంతటదే పోయింది," అంది సామ్రాజ్యమ్మ. "టైమైతే మీరు లేస్తారా? కాళ్ళావేళ్ళా పడతారు, ఏడుస్తారు. ఎవరితో పెట్టుకోను? లోపల్నుంచి స్విచ్చు కట్టేసి కరెంటు కోత అనేదాన్ని. ఆ గదిలో ఫాను లేదు, పగలు లైటు లేదు, మీకెట్టా తెలుసుద్ది?"

ఝాన్సీ చాలా నెమ్మదిగా అడిగింది. "పుల్లైసు బండి వచ్చిన రోజు కూడానా?"

"బండి రోజూ వచ్చేది గదే. ఏ రోజని గుర్తుంటది? కోత ఏ రోజూ లేదు. కోతలన్నీ నావే."

సామ్రాజ్యమ్మ గడియారం తలమీద ఒకటిచ్చి నోరు మూయించింది. "ఈసారికి ఆడు. ఎంతసేపు పడితే అంతసేపు ఆడు," అని కూర్చుంది. పాతికేళ్ళలో గంట దాటనివ్వడం ఆవిడకు అదే మొదటిసారి అనుకుంటాను.

పాట మళ్ళీ మొదలైంది. నాకు కళ్ళు లేవని చెప్పాను కదా. ఆ రెండు నిమిషాలు కళ్ళు లేనందుకు ఎంత కొట్టుకులాడానో. గుండీల టకటక వేగం పెరిగింది, ఆగింది, పెరిగింది. పాట ఒక్కసారిగా మారింది. తలుపు కిర్రుమన్నట్టు ఒక మోత. ఆ తర్వాత ఆ పాత టీవీ లోంచి, మిషను గొంతుతో, ఒక చిన్న చప్పుడు. క్కొ, క్కొ, క్కొ.

నాలుగు సెకన్లు లెక్కపెట్టాను. నాలుగు సెకన్లు మైకు ముందు మౌనమంటే చాలా ఎక్కువ. బాజీ ఊపిరి వినపడుతోంది, సామ్రాజ్యమ్మ గాజులు వినపడుతున్నాయి. ఝాన్సీ తెర మీదినుంచి చూపు తిప్పకుండానే అన్నట్టుంది, గొంతు నా వైపు లేదు. "చెప్పు బాజీ. వినేవాళ్ళకి కనపడదు గదా."

"తలుపు తెరుచుకుంది," అన్నాడు బాజీ. "తెరుచుకుంది. లోపల్నుంచి..." దగ్గి మళ్ళీ అందుకున్నాడు. "కోడి వచ్చింది. తెల్లకోడి. నడుచుకుంటా వచ్చింది. వాడి ఎర్రటోపీ ముక్కుతో లాగేసింది. కింద పెట్టింది. దాని మీద కూర్చుంది." ఆగాడు. యలమంద చేసినట్టే రెండోసారి చెప్పాడు. "తెల్లకోడి వచ్చింది. ఎర్రటోపీ మీద కూర్చుంది. ఝాన్సీ చెప్పింది నిజం. ఝాన్సీ చెప్పింది నిజం."

ఝాన్సీ ముక్కు ఎగబీల్చింది. అంతలో టీవీలోంచి ఇంకో చప్పుడు, టుప్పుమని. "ఉండు, ఉండు. కోడి లేచింది," అన్నాడు బాజీ. "టోపీలో గుడ్డుంది. గుడ్డు పెట్టింది." సామ్రాజ్యమ్మ కిసుక్కున నవ్వింది. ఝాన్సీ నవ్వుతోందో ఏడుస్తోందో నా పొరకు తేడా తెలియలేదు. రెండూ ఒకే వణుకు. "గుడ్డు నేను చూళ్ళేదురా," అంది. "అంతలోకే ఆపేసింది గదా అత్త. ఇన్నేళ్ళూ కోడే ఆఖరనుకున్నా."

"తప్పైపోయింది ఝాన్సీ," అన్నాడు బాజీ. నా వైపే తిరిగి, నాలుగువేల మందికీ వినపడేట్టు అన్నాడు. "ఆ పేరు పెట్టింది నేను. మోయించింది నేను. చూడకుండానే కోడి లేదని చెప్పింది నేనే."

"అయితే ఆ పేరు నాకియ్యండి," అంది సామ్రాజ్యమ్మ. "కోతల సామ్రాజ్యమ్మ. బానే ఉంది."

మాటకు కట్టుబడి, ఒక్క ముక్క కోయకుండా ఆ ఎపిసోడు పెట్టారు. ఎంతమంది విన్నారో నాకు చెప్పారు కానీ, నాకు ఒక్కరి సంగతే గుర్తుంది. సెంటరులో ఆ ముసలాయన మళ్ళీ వచ్చి, చెయ్యి చాపి, "కోడిని పొరపాటున మాటన్నానమ్మా," అన్నాడట.

ఆ తర్వాత ఏడాది పనిచేశాను. నా రేకు అలిసిపోయింది, మాటలు నీళ్ళలో మునిగినట్టు వినపడటం మొదలైంది. కొత్త మైకు వచ్చింది. దాని మీద పేరులో అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయట. నన్ను బాజీ దుకాణంలో అద్దాల అరలో పెట్టారు, నా పక్కన వంకర బొమ్మ ఉన్న కేసెట్టు. రెండు డూప్లికేట్లం ఒకరికొకరం బాగానే ఉన్నాం. సామ్రాజ్యమ్మ అప్పుడప్పుడు వచ్చి, అర తెరిచి, మా మీద దుమ్ము ఫూ అని ఊదిపోతుంది. ఆవిడను నేను ఏమీ అనలేను.

తీగ లేదు కానీ చెవి ఉంది. ఆదివారం మధ్యాహ్నం పైగదిలోంచి వాళ్ళ గొంతులు మెట్ల మీదుగా దిగి వస్తాయి. బాజీ ఇప్పుడు ఊదడు. "వినపడతందా?" అని అడుగుతాడు. తన పేరు, ఊరు చెబుతాడు. కోతల ఝాన్సీ అని ఆమెను పరిచయం చేయడం అతను మానేశాడు, తన పేరు ఆమే చెప్పుకుంటుంది. ఆ మాట కోసం వారమంతా ఎదురుచూస్తాను.

"నా పేరు ఝాన్సీ. కోడిని చూశాను."